అయోవా చిన్న ఊళ్ళో కౌంటీ ఫెయిర్ వారం: కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఏం చెయ్యాలి, ఎలా కలిసిపోవాలి

అయోవా, నెబ్రాస్కా, మినెసోటా వైపు మొక్కజొన్న చేల మధ్య ఉండే చిన్న ఊళ్ళకి మనవాళ్ళు ఈమధ్య బానే వస్తున్నారండీ. జే1 వీసా మీద రెసిడెన్సీ (డాక్టర్ల ట్రైనింగ్) చేసినవాళ్ళు వెనక్కి వెళ్ళకుండా ఇక్కడే ఉండాలంటే డాక్టర్లు తక్కువున్న ఏరియాలో మూడేళ్ళు పని చెయ్యాలి కదా, ఒక్కో స్టేట్‌కి ఏడాదికి 30 దాకా ఆ మినహాయింపులు, అంటే వేవర్లు, ఉంటాయి, అలా వచ్చే డాక్టర్లు కొందరు, ట్రాక్టర్ ఫ్యాక్టరీల్లో ఇంజనీర్లుగా వచ్చేవాళ్ళు కొందరు, రిమోట్ జాబ్ ఉంది, ఇల్లు చవకగా దొరుకుతుంది అని వచ్చేవాళ్ళు ఇంకొందరు. మాది వేవర్ బాపతు. వచ్చిన కొత్తలో అందరూ అడిగేది ఒకటే, ఇక్కడ మనుషులు అసలు ఎక్కడుంటారండీ, సాయంత్రం ఆరయ్యేసరికి మెయిన్ స్ట్రీట్ ఖాళీ, ఎవరితో పరిచయం ఎలా అవుతుంది అని. నేను చెప్పేదీ ఒకటే, కౌంటీ ఫెయిర్, అంటే మన జిల్లా లాంటి కౌంటీకి ఏటా జరిగే తిరునాళ్ళ లాంటిది, ఆ వారం వదులుకోకండి, అదికూడా చూసొచ్చేద్దాం అని వెళ్ళకండి, ఏదో ఒక పని చేతిలో పట్టుకుని వెళ్ళండి. పోటీకి ఒక వస్తువు పెట్టండి, ఒక పూట వడ్డించండి, పిల్లల్ని దేంట్లో అయినా దించండి. అప్పుడు ఆ ఊరు మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తుంది.

అయోవాలో 99 కౌంటీలు, దాదాపు ప్రతి కౌంటీకీ సొంత ఫెయిర్ ఉంటుంది, ఎక్కువ జూలైలోనే. ఎందుకంటే మొక్కజొన్న, సోయా విత్తడం మే కల్లా దాదాపు అయిపోతుంది, కోతలు ఎక్కువ సెప్టెంబర్ దాటాక, మధ్యలో రైతుకి కాస్త ఊపిరాడేది ఇప్పుడే. ఆగస్టులో డెమోయిన్‌లో జరిగే స్టేట్ ఫెయిర్ గురించి వినే ఉంటారు, పదకొండు రోజులు, వెన్నతో చేసిన నిలువెత్తు ఆవు బొమ్మ, 1911 నుంచీ ఉంది అది, దానికి పది లక్షల మంది పైన వస్తారు. అది మొట్టమొదట జరిగింది 1854లో ఫెయిర్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్ళో. స్టేట్ ఫెయిర్ తప్పకుండా చూడండి, కానీ అక్కడ మీరు జనంలో ఒకరు, కౌంటీ ఫెయిర్‌లో మాత్రం మీ పిల్లల టీచరు నిమ్మరసం అమ్ముతూ ఉంటుంది, బ్యాంకులో మేనేజరు ఎండలో బండ్లు పార్క్ చేయిస్తూ ఉంటాడు, మీ మెయిల్ తెచ్చే ఆవిడ మనవడు పందిపిల్లని తోలుకుంటూ మీ ముందునుంచే వెళ్తాడు.

నెల ముందే చెయ్యాల్సిన పని ఒకటుంది, పోటీల వివరాలు, రూల్సు ఉండే ఫెయిర్ బుక్ సంపాదించాలి. ప్రతి కౌంటీలో ఎక్స్‌టెన్షన్ ఆఫీస్ ఉంటుంది, అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళది, యూనివర్సిటీలో నేర్చిన సంగతులు రైతు ఇంటిదాకా చేర్చాలని 1914లో స్మిత్ లీవర్ చట్టం వచ్చాక దేశమంతా ఇలాంటివి పెట్టారు. అక్కడ అడిగితే బుక్ ఇస్తారు, లేదా ఫెయిర్ వెబ్‌సైట్లో పీడీఎఫ్ దొరుకుతుంది. అందులో ఓపెన్ క్లాస్ అనే పేజీలు తియ్యండి, అవి మనకోసం. మీరు రైతు కానక్కర్లేదు, సిటిజెన్ కానక్కర్లేదు, చాలాచోట్ల ఫీజు కూడా ఉండదు, ఉన్నా నామమాత్రం. కూరగాయలు, పూలు, కేకులు, కుట్లు అల్లికలు, ఫొటోలు, పెయింటింగులు, అన్నిటికీ క్లాసులు, అంటే పోటీ విభాగాలు, ఉంటాయి. మన ఆవకాయ జాడీ పెడదాం అనుకుంటారేమో, అది కష్టం, సీసాలో నిలవుంచే వాటికి చాలాచోట్ల యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) టెస్ట్ చేసిన రెసిపీయే వాడాలి, ఎంతసేపు ప్రాసెస్ చేశారో లేబుల్ మీద రాయాలి, మన నూనె పచ్చళ్ళు ఆ లెక్కలోకి రావు.

కూరగాయలు పెట్టేవాళ్ళకి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే ఇది అందరికీ చేతనయ్యే పని. మనం అనుకుంటాం పెద్ద కాయ పెడితే గెలుస్తాం అని, జడ్జి చూసేది ఒకేలా ఉన్నాయా లేదా అని. బుక్‌లో ఐదు ఉల్లిపాయలు అని ఉంటే ఐదూ ఒకే సైజు, ఒకే రంగు, ఒకే ఆకారం ఉండాలి, ఆరు పెడితే డిస్‌క్వాలిఫై, నాలుగు పెట్టినా అంతే. మట్టి మెత్తగా తుడవండి, గట్టిగా రుద్ది కడక్కండి, మెరుపు కోసం నూనె రాయకండి. ఉల్లిపాయకి పై పొర ఊడితే ఊడనివ్వండి కానీ తెల్లటి కండ కనపడేదాకా ఒలవకండి. బీన్స్‌కి తొడిమ ఉంచండి. పొద్దున్నే మంచు ఆరాక కోసి, పేపర్ ప్లేట్లో వరసగా పేర్చి, ట్యాగ్ కట్టి ఇచ్చెయ్యడమే. జూలై మధ్యకి ఇక్కడ టమాటా సరిగ్గా ఎర్రబడకపోవచ్చు, బెండకాయ కూడా అనుమానమే, ఉల్లి, కీర, బీన్స్, క్యాబేజీ, పచ్చిమిర్చి అయితే అందుతాయి. మరి గోంగూర, తోటకూర ఎక్కడ పెట్టాలంటే, ఇంకేదైనా కూరగాయ అనే క్లాసు ఉందేమో చూడండి, ఉంటే అందులో పెట్టండి, ఒక చిన్న కార్డు మీద పేరు, ఎలా వండుతారో రెండు లైన్లు రాయండి. జడ్జికి తెలీనిది పెట్టారని ఏమీ అనుకోరు, ఇంకా ఆసక్తిగా చూస్తారు. మా ఫ్రెండ్ ఒకావిడ మగ్గం వర్క్ చేసిన బ్లౌజు వెనకభాగం ఫ్రేమ్ కట్టించి ఎంబ్రాయిడరీలో పెట్టింది, వారమంతా క్విల్టులు కుట్టే పెద్దావిడలు దానిముందు ఆగి కళ్ళజోడు పైకి తోసి జర్దోసీ చుట్టలు ఒక్కొక్కటీ లెక్కపెట్టినట్టు చూశారు, ఒకావిడ అయితే మర్నాడు తన కుట్టుపెట్టె పట్టుకుని మళ్ళీ వచ్చింది, ఆ సూది ఎలా పట్టుకుంటారో చూపించమని. ఇప్పుడు వాళ్ళిద్దరూ చలికాలం అంతా కలిసి కుడతారు. ఫస్ట్‌కి నీలం రిబ్బన్, సెకండ్‌కి ఎరుపు, థర్డ్‌కి తెలుపు, ఛాంపియన్‌కి ఊదా రంగుది, డబ్బు అంటారా, రెండు మూడు డాలర్లు వస్తాయి అంతే.

పిల్లలుంటే 4-హెచ్ అనే పిల్లల క్లబ్బుల గురించి తెలుసుకోండి. తల, గుండె, చేతులు, ఆరోగ్యం, ఇంగ్లీషులో హెచ్‌తో మొదలయ్యే ఈ నాలుగిటికీ గుర్తుగా నాలుగాకుల పచ్చ గుర్తు ఊరంతా కనిపిస్తుంది మీకు. దీని మూలాలు కొంత అయోవాలోనే ఉన్నాయి, పేజ్ కౌంటీలో జెస్సీ ఫీల్డ్ షాంబా అనే టీచరు 1900ల మొదట్లోనే బడిపిల్లలతో మొక్కజొన్న క్లబ్బులు నడిపింది, ఆవిణ్ణి 4-హెచ్‌కి అమ్మ అంటారు. ఇక్కడ నాలుగో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా చేరొచ్చు, ఇంకా చిన్నవాళ్ళకి క్లోవర్ కిడ్స్ అని వేరే ఉంటుంది. ఆవులు పందులు పెంచితేనే 4-హెచ్ అనుకుని మనవాళ్ళు చాలామంది వెనక్కి తగ్గుతారు, అదేం లేదు, కోడింగ్, రోబోటిక్స్, వంట, ఫొటోగ్రఫీ, చెక్కపని, ఏదైనా ప్రాజెక్టే. ఫెయిర్ మొదట్లో ఒక రోజు వాటి జడ్జింగ్ ఉంటుంది, ఆ రోజు తప్పకుండా వెళ్ళి చూడండి. జడ్జి బల్లకి అటువైపు, పిల్లాడు ఇటువైపు కూర్చుంటారు, ఈ ప్రాజెక్టు ఎందుకు ఎంచుకున్నావు, ఎక్కడ కష్టమైంది, మళ్ళీ చేస్తే ఏం మారుస్తావు అని అడుగుతారు, పిల్లాడే చెప్పాలి, అమ్మానాన్నా నోరు విప్పకూడదు. ఇక్కడ పక్కవాడితో పోల్చి ర్యాంకులివ్వరు, ప్రతి పనినీ ఒక ప్రమాణంతో చూసి రిబ్బన్ ఇస్తారు కాబట్టి ఒకే క్లాసులో పదిమందికి నీలం రిబ్బన్ రావొచ్చు. మార్కుల వెనక పరిగెత్తే మన పిల్లలకి ఇది నిజంగా మంచిదండీ, ఇంట్లో ఆ మూడు ప్రశ్నలూ ముందే అడిగి ప్రాక్టీస్ చేయించండి చాలు.

ఇక పశువుల షెడ్లు, ఫెయిర్‌కి ప్రాణం అక్కడే ఉంది. పొద్దున ఎనిమిదికి వెళ్ళండి, ఎండ ముదరకముందు. పశువుల్ని కడిగే వాష్ రాక్ దగ్గర పన్నెండేళ్ళ అమ్మాయి పదమూడు వందల పౌన్ల కోడెకి షాంపూ రుద్దుతూ ఉంటుంది, తర్వాత పెద్ద బ్లోయర్‌తో వెంట్రుక వెంట్రుక ఆరబెట్టి దువ్వుతుంది, అది కళ్ళు సగం మూసి నిలబడి ఉంటుంది. దూరంనుంచి ఫొటో తీసి వచ్చెయ్యకండి, దీని పేరేంటి, ఎప్పటినుంచి పెంచుతున్నావు, ఏం మేపుతావు అని అడగండి. ఆ పిల్లలు చెప్పే తీరు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది, రోజుకి ఎంత బరువు పెరిగిందో కూడా చెప్తారు. ముట్టుకునే ముందు అడగండి, వెనకవైపునుంచి మాత్రం ఎప్పుడూ వెళ్ళకండి, తన్నుతాయి. చెప్పులేసుకుని వెళ్ళకండి, మూసి ఉండే బూట్లు వేసుకోండి.

పందుల షెడ్డు సంగతి విడిగా చెప్పాలి. పందులకి వచ్చే ఫ్లూ మనుషులకి అంటుకుంటుంది, 2012లో ఫెయిర్లలో పందుల దగ్గరికి వెళ్ళినవాళ్ళలో అమెరికా మొత్తమ్మీద మూడొందలకి పైగా కేసులొచ్చాయి, ఎక్కువ పిల్లలకే. అందుకే ఆ షెడ్డులోకి తిండి, నీళ్ళ బాటిల్, పాలపీక, స్ట్రోలర్ ఏవీ తీసుకెళ్ళొద్దని సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) చెప్తుంది. ఐదేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, 65 దాటినవాళ్ళు, ఆస్తమా, షుగర్ ఉన్నవాళ్ళు లోపలికి వెళ్ళకపోవడమే మంచిది, ఇండియానుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి. బయటకి రాగానే సబ్బుతో చేతులు కడుక్కున్నాకే ఏదైనా తినండి.

పశువుల షోలో ఎవరు గెలిచారో మొదట్లో అర్థం కాదు, అందుకని ఇది తెలుసుకుంటే చాలు, కొన్ని క్లాసుల్లో జంతువుని జడ్జ్ చేస్తారు, షోమన్‌షిప్ అనే క్లాసులో పిల్లాణ్ణి జడ్జ్ చేస్తారు. వాడి కళ్ళు ఎప్పుడూ జడ్జి మీదే ఉండాలి, జంతువుని కంగారు పెట్టకూడదు. వారం చివర్లో వేలం ఉంటుంది. ఊళ్ళో ధాన్యం కొని నిలవచేసే గ్రెయిన్ ఎలివేటర్ వాళ్ళు, బ్యాంకు, ఎరువుల కొట్టు, పశువుల డాక్టరు వచ్చి పిల్లల దగ్గర మార్కెట్ రేటు కంటే బాగా ఎక్కువకి పాడతారు, చాలాచోట్ల జంతువుని కొనరు కూడా, ఆ పిల్లాడికి ప్రోత్సాహంగా పైడబ్బు మాత్రం ఇస్తారు, అది కాలేజీకి దాచుకుంటారు. పాటపాడే మనిషి గుక్క తిప్పుకోకుండా అంకెలు చదువుతాడు, తల ఊపితే పాడినట్టే లెక్క, కాబట్టి చేతులు కదలకుండా కూర్చోండి, పాడాలనుకుంటే మాత్రం ముందు ఆఫీసులో నంబర్ తీసుకోండి. నాకైతే ఇక్కడ కూర్చోవడం కష్టం, ఏడాదంతా పెంచిన దాన్ని అప్పజెప్పి ఆ పిల్లలు షెడ్డు వెనక్కి వెళ్ళి ఏడుస్తారు, పక్కన వాళ్ళ నాన్న మాట్లాడకుండా భుజమ్మీద చెయ్యేసి నిలబడతాడు. గోవుని పూజించే ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళం, ఇది మనకి మింగుడుపడదు, పడక్కర్లేదు కూడా, కానీ ఆ పిల్లలకి ఆ జంతువు మీద ఉన్న ప్రేమ నిజమైనదని దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది. మీరు తినరని ఎవరైనా అడిగితే మా ఇంట్లో తినమండీ అని మామూలుగా చెప్పండి, ఎవరూ తప్పు పట్టరు, మీరు కూడా వాళ్ళకి ఉపన్యాసం ఇవ్వకండి.

తిండి. ఫెయిర్‌లో స్టాళ్ళు ఎక్కువ పోర్క్ బర్గర్లు, బీఫ్ శాండ్విచ్‌లే. మనం తినగలిగేవి వేడివేడి స్వీట్ కార్న్, చీజ్ కర్డ్స్, నిమ్మకాయ ముక్కలు వేసి కుదిపి ఇచ్చే లెమనేడ్, ఫన్నెల్ కేక్. వెజిటేరియన్లు చూసుకోవాల్సినవి, గ్రీన్ బీన్స్‌లో, బేక్డ్ బీన్స్‌లో బేకన్ అనే పందిమాంసం ఉండొచ్చు, 'పై' (pie) అనే స్వీటుకి అడుగున వేసే పిండిలో పందికొవ్వు ఉండొచ్చు, జెల్లో, మార్ష్‌మాలో రెండిట్లోనూ జంతువులనుంచి తీసే జెలటిన్. రైస్ క్రిస్పీస్‌తో చేసిన బార్లు రెండు రకాలుంటాయి, తెల్లగా సాగేవి మార్ష్‌మాలోవి, పైన చాక్లెట్ ఉండేవి స్కాచరూస్ అంటారు, వాటిల్లో పీనట్ బటర్, పాకం ఉంటాయి, జెలటిన్ ఉండదు. అయోవాలో ఏ ఫంక్షన్‌కెళ్ళినా ఇవి ఉంటాయి, హాయిగా తినండి.

అన్నిటికంటే ముఖ్యం చర్చి పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చి కలిసి తినడం అన్నమాట, ఆ వారంలో ఒక సాయంత్రం లూథరన్ చర్చిలోనో మెథడిస్ట్ చర్చిలోనో ఉంటుంది, అందరికీ ఆహ్వానం అని బోర్డు పెడతారు, నిజంగానే అందరికీ. మీరు మతం మారాలని కాదు, భోజనానికి పిలిచారు అంతే. తొమ్మిది బై పదమూడు అంగుళాల ట్రే ఒకటి కొనుక్కోండి, ఈ ప్రాంతం మొత్తం దానిమీదే నడుస్తుంది. అడుగున మాస్కింగ్ టేప్ అంటించి పేరు రాయండి, లేకపోతే అలాంటి ట్రేలు ముప్పై ఉంటాయి, మీది దొరకదు. ఏం తీసుకెళ్ళాలంటే నిమ్మకాయ పులిహోర బాగా వెళ్తుంది, పచ్చిమిర్చి చీల్చకుండా వేసి తర్వాత తీసేయండి, పల్లీలు కలపకుండా పక్కన గిన్నెలో పెట్టండి, ఎలర్జీ ఉన్నవాళ్ళుంటారు. తీపికి రవ్వకేసరి, అదే ట్రేలో నెయ్యి రాసి పరిచి చల్లారాక చతురస్రాలుగా కోస్తే వాళ్ళు బార్లు అనుకుని ముందు దాన్నే తీసుకుంటారు, జీడిపప్పు వేస్తే కార్డు మీద రాయండి. దద్దోజనం వద్దు, జూలై ఎండలో పులిసిపోతుంది. సొంత ప్లేట్లు, స్పూన్లు తెచ్చుకోమని కొన్నిచోట్ల రాస్తారు, చూసుకోండి. ప్రార్థన అయ్యేదాకా ప్లేట్ పట్టుకోకుండా నిలబడండి, పెద్దవాళ్ళని ముందు వెళ్ళనివ్వండి. తిన్నాక కూర్చోకండి, ఆడా మగా ఎవరైనా సరే, వంటింట్లోకి వెళ్ళి తడిగుడ్డ అందుకోండి. నాకు ఈ ఊళ్ళో ఉన్న స్నేహాలు సగం ఆ సింకు పక్కనే మొదలయ్యాయి, గిన్నెలు తుడుస్తూ మాట్లాడే మాటలు బల్ల దగ్గర రావు. ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఒక పొద్దున పాన్‌కేక్‌లు పెడతారు, దానికి రేటు ఉండదు, డబ్బాలో మీకు తోచినంత వేస్తారు, నలుగురు తింటే ఒక ముప్పై నలభై వెయ్యండి, చిన్న ఊళ్ళల్లో ఫైర్ వాళ్ళు జీతం తీసుకోని వాలంటీర్లు, ఆ డబ్బు పరికరాలకి వెళ్తుంది. క్యాష్ దగ్గరుంచుకోండి.

గ్రాండ్‌స్టాండ్‌లో రాత్రుళ్ళు ట్రాక్టర్ పుల్, డెమోలిషన్ డర్బీ ఉంటాయి. డర్బీ అంటే పాత కార్లు గుద్దుకోవడం, పిల్లలకి ఇష్టం, నాకు పెద్దగా పట్టదు. ట్రాక్టర్ పుల్ మాత్రం తప్పక చూడండి, ఒంగోలు గిత్తల బండలాగుడు చూసి పెరిగినవాళ్ళకి అయితే ఐదు నిమిషాల్లో పట్టుబడుతుంది. తేడా ఏంటంటే బండ బరువు మొదట్నుంచి చివరిదాకా ఒకటే, ఇక్కడ ట్రాక్టర్ వెనక కట్టి ఈడ్చే స్లెడ్ మీద బరువున్న పెట్టె ఉంటుంది, బండి ముందుకి పోయేకొద్దీ ఆ పెట్టె కూడా ముందుకి జరిగి స్లెడ్ ముందుభాగాన్ని నేలకి అదుముతుంది, అంటే పోయేకొద్దీ భారం పెరుగుతుంది. 300 అడుగులు దాటితే ఫుల్ పుల్. చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్స్ తీసుకెళ్ళండి, చిన్నపిల్లలకి హెడ్‌ఫోన్ లాంటివి పెట్టండి, ఆ చప్పుడు మామూలుగా ఉండదు. చిన్నపిల్లలకి తొక్కే బొమ్మ ట్రాక్టర్‌తో ఇదే పోటీ ఉంటుంది, వయసు వారీగా, అప్పటికప్పుడే పేరు రాయించొచ్చు, మీ పిల్లల్ని దించండి, ఊరంతా పేరు పెట్టి అరుస్తుంది.

శనివారం పరేడ్. ముందురోజు రాత్రే రోడ్డు పక్కన గడ్డిలో మడత కుర్చీలు వేసేసి వెళ్ళిపోతారు, ఎవరూ ముట్టుకోరు, మీరూ వేసుకోండి, వేరేవాళ్ళవి జరపకండి. జెండా పట్టుకున్న మాజీ సైనికులు మొదట వస్తారు, లేచి నిలబడి టోపీ తియ్యండి. తర్వాత ఫైర్ ఇంజన్లు, స్కూల్ బ్యాండ్, నీలం కార్డురాయ్ జాకెట్లలో ఎఫ్‌ఎఫ్‌ఏ (వ్యవసాయం నేర్చుకునే విద్యార్థుల సంఘం) పిల్లలు, పచ్చవి ఎర్రవి పాత ట్రాక్టర్లు, ఎన్నికల ఏడాది అయితే నడుస్తూ చేతులు కలిపే నాయకులు. చాక్లెట్లు విసురుతారు, పిల్లలకి సంచి ఇవ్వండి, బండ్ల చక్రాల దగ్గరికి పరిగెత్తకుండా పట్టుకోండి.

వాతావరణం తేలిగ్గా తీసుకోకండి. జూలైలో మొక్కజొన్న చేలు గాల్లోకి వదిలే తేమకి ఉక్క విపరీతంగా ఉంటుంది, కాటన్ బట్టలు, నీళ్ళు, దోమల మందు. ఫోన్లో వాచ్ వస్తే గాలివాన, టోర్నడో రావొచ్చు అని, వార్నింగ్ వస్తే వచ్చేసింది, వెంటనే గట్టి బిల్డింగ్‌లోకి, కుదిరితే బేస్‌మెంట్‌లోకి వెళ్ళాలి, టెంట్ల కింద, షెడ్లలో నిలబడకూడదు. 2020 ఆగస్టు 10న డెరేచో అనే గాలి అయోవా మధ్యలోనుంచి పోయింది, సీడర్ రాపిడ్స్ దగ్గర గంటకి 140 మైళ్ళ వేగం అంచనా వేశారు, చాలా ఇళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు చైన్‌సా పట్టుకుని మీ ఇంటికి వచ్చేది ఫెయిర్‌లో మీ పక్కన నిలబడి ప్లేట్లు అందించిన మనిషే, అందుకే ఇంతగా చెప్తున్నా.

వాలంటీర్ షిఫ్టుల లిస్టు ఫెయిర్‌కి రెండు మూడు వారాల ముందే తిరుగుతుంది, 4-హెచ్ ఫుడ్ స్టాండ్‌లో ఎప్పుడూ మనుషులు తక్కువే, రెండు గంటల షిఫ్టు తీసుకోండి. మాంసం ముట్టుకోవడం ఇబ్బంది అయితే ముందే చెప్పండి, క్యాష్ దగ్గరో ఐస్‌క్రీమ్ దగ్గరో నిలబెడతారు. వీసా మీద ఉన్నవాళ్ళు డబ్బులిచ్చే పని ఒప్పుకోకండి, జీతంలేని సేవ మాత్రమే, అనుమానం ఉంటే లాయర్ని అడగండి.

ఆఖరిరోజు ఎంట్రీలు వెనక్కిచ్చే టైం బుక్‌లో ఉంటుంది, దానికి ముందు తియ్యనివ్వరు, తర్వాత వదిలేస్తే పోతాయి. ఆ సాయంత్రం షెడ్లు కడగడానికి, కుర్చీలు మడవడానికి ఎవరైనా వెళ్ళొచ్చు, పాత బూట్లు, గ్లవ్స్ వేసుకుని వెళ్ళండి. పిల్లల్ని వచ్చే ఏడాదికి చేర్పించాలంటే 4-హెచ్ కొత్త సంవత్సరం సెప్టెంబర్ 1న మొదలవుతుంది, పశువుల ప్రాజెక్టులకి పేర్లు ఇవ్వాల్సిన గడువులు ఫెయిర్‌కి నెలల ముందే అయిపోతాయి, కాబట్టి ఎక్స్‌టెన్షన్ ఆఫీస్‌లో మీకు దగ్గర్లో ఉన్న క్లబ్ లీడర్ ఎవరో ఆగస్టులోనే కనుక్కోండి.